ఫోను మీ చేతిలోనే ఉండనివ్వండి



మన దేశంలో ఇంటర్నెట్ ప్రజలకు అందుబాటులోకి వచ్చింది 1995 ఆగస్టు 15న. యూపీఐ 2016లో వచ్చింది. పింఛను తీసుకునే మాస్టార్లు ఏటా 'బతికే ఉన్నాను' అని చెప్పుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగే పని కూడా తగ్గింది. జీవన్ ప్రమాణ్‌లో వేలిముద్ర వేస్తే చాలు. సుద్దముక్క పట్టి అరిగిన వేళ్ళను ఆ యంత్రం ఒక్కోసారి గుర్తుపట్టదు, అది వేరే సంగతి! 2021లో ముఖం చూపించే పద్ధతి కూడా తెచ్చారు.

సౌకర్యం మంచిదే. నా భయం వేరు. ఇళ్ళలో పిల్లలు 'ఇలా ఇవ్వండి' అని ఫోను తీసుకుని టకటకా నొక్కేస్తారు. పని అవుతుంది. ఏం నొక్కారో పెద్దవాళ్ళకు తెలియదు. రేపు ఎవడో పోలీసునంటూ వీడియో కాల్‌లో బెదిరిస్తే ఆ పిల్లలు పక్కన ఉండరు. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో లేనే లేదండీ. డబ్బు మనకు రావాలంటే పిన్ను కొట్టక్కర్లేదు. కొడితే పోయేది మన డబ్బే. పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

లసాగు, గసాభా మాకు మీరు ఒక్కరోజులో నేర్పలేదు మాస్టారూ, పదిసార్లు చేయించారు. భోజనాలయ్యాక ఆరో తరగతి గదిలో కూర్చుందాం. మేము పక్కన ఉంటాం, నొక్కేది మీరే.