నిరీక్షణ: ఉత్తర కోస్తా క్రైస్తవంలో రేపటి మీద నమ్మకం

వాడుక తెలుగులో నిరీక్షణ అంటే ఎదురుచూపు. తెలుగు బైబిల్లో అదే మాట రేపటి మీద నమ్మకానికి పేరైంది. ‘ఆశ’ అన్నప్పుడు తెలుగు చెవికి పేరాశ కూడా లీలగా వినిపిస్తుంది. నిరీక్షణలో ఆ మకిలి లేదు, ఓపిక ఉంది. ఎదుట ఉన్నదాని కోసం ఎవరూ ఎదురుచూడరని రోమా పత్రిక 8వ అధ్యాయంలో పౌలు వాదన. హెబ్రీ పత్రిక 6వ అధ్యాయం దాన్ని ఆత్మకు లంగరుగా పోల్చింది. సంతబొమ్మాళి మండలం భావనపాడు తీరంలో ఈ పోలికకు వ్యాఖ్యానం అక్కర్లేదు. లంగరు గాలిని ఆపదు, కెరటాన్ని అణచదు. పడవను కొట్టుకుపోనివ్వదు, అంతే. పైగా అది నీళ్లలో ఉండి కంటికి కనబడదు.

ఈ విశ్వాసం ఇక్కడికి విశాఖపట్నం మీదుగా వచ్చింది. 1805లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అక్కడ దిగి, సువార్తల తెలుగు అనువాదం చేపట్టారు. తర్వాతి కాలంలో కెనడా బాప్టిస్టు మిషన్ శ్రీకాకుళం, టెక్కలి వంటి చోట్ల పనిచేసింది. జనం నోట దాన్ని నిలిపింది మాత్రం పాటే. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి 1833లో కటక్‌లో బాప్తిస్మం పొందారు, 1890లో కన్నుమూశారు. రాగతాళాల్లో ఆయన కట్టిన పాటలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’లో చేరి నేటికీ ఆరాధనల్లో వినిపిస్తున్నాయి. మోక్షం మీది నమ్మకానికి అలా ఇంటి బాణీ దొరికింది.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో, కొత్త ఏడాదికి ఒక బైబిల్ వచనం ఉన్న వాగ్దానం కార్డు తీసుకోవడం తెలుగు సంఘాల్లో చాలాచోట్ల ఆనవాయితీ. కార్డుల్లోనూ గోడ క్యాలెండర్లలోనూ తరచు కనిపించేది యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం 11వ వచనం: దేవుడి తలంపులు కీడుకు కావని, మేలుకేనని చెప్పే మాట. దాని పై వచనాన్ని క్యాలెండరు వేసేవారు సాధారణంగా వదిలేస్తారు. బబులోను చెరలో ఉన్నవారికి విడుదల 70 ఏళ్ల తర్వాతేనని అందులో ఉంది. అంటే, చెరలో ఉన్నవారికి యిర్మీయా రాసిన ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది యెరూషలేమును మళ్లీ చూడబోరు. అయినా యిర్మీయా వాళ్లకు చెప్పిన పనులు మామూలువి: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. ఏడాదికో కార్డులో ఇమిడే ధైర్యం కాదది. ఈ ఏడు ఉద్యోగమో, పెళ్లో కుదిరితేనే వాగ్దానం నెరవేరినట్టని లెక్కవేస్తే, కుదరని ఏడాది విశ్వాసమే బీటవారుతుంది.

ఎదురుచూపంటే చేతులు ముడుచుకోవడం కాదని తీరానికి తెలుసు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేటకు నిషేధం. పడవ ఒడ్డున ఉన్నా వల బాగుచేసే పని ఉంటుంది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను కూల్చేసింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏళ్లు పడుతుంది. వయసు మళ్లిన రైతు నాటితే కాయ దింపేది కొడుకో, మనవడో. యిర్మీయా ఉత్తరంలోని తోటల మాటను ఉద్దానంలో ఏ మతం వాడికైనా విడమరచి చెప్పనక్కర్లేదు.