మెట్టసీమలో సముద్రపు తొట్టి

(నిడుగల్లులో, మన సంఘ పఠనమందిరమున జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



పోయిన నెల సభలో, పిల్లలకొరకు ఈ మందిరమున సముద్రజలముతో నొక గాజుతొట్టి పెట్టుదమని మేము ప్రస్తావించితిమి. వెనుక వరుసనుండి ఒక పెద్దాయన లేచి, "ఏమప్పా, మనకే తాగేదానికి నీళ్లు లేవు, చేపలకు సముద్రం తెస్తావా?" అని అడిగిరి. సభ యంతయు నవ్వెను. మేము నవ్వలేదు. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి లెక్కతో సమాధానము చెప్పుటకే నేడు నిలుచున్నాము.

మన యూరికి తూర్పు సముద్రమైనను, పడమటి సముద్రమైనను 250 కిలోమీటర్లకు తక్కువ దూరమున లేదు. అందుచేతనే కాబోలు మన పూర్వులు పెద్ద చెరువునే సముద్రమని తృప్తిపడిరి. అనంతపురము ప్రక్కన బుక్కరాయసముద్రము కలదు. మన తాలూకాలోనే బళసముద్రము కలదు. ఆ బళసముద్రపు పొలములలో నిప్పుడు సూర్యవిద్యుత్తు పలకలు నీళ్లవలె మెరయుచున్నవి. అది వేరు సంగతి.

మొదట మేము చెడిన విధము చెప్పవలెను. రెండేండ్ల క్రిందట మా యింట నూరు లీటర్ల తొట్టి పెట్టితిమి. బెంగుళూరులో ఒక అంగడినుండి, లైవ్ రాక్, అనగా సజీవ శిల యని చెప్పి యిచ్చిన ఎనిమిది కిలోల రాతిని తడి కాగితములలో చుట్టి బస్సులో తెచ్చితిమి. మూట విప్పగానే క్రుళ్లిన గ్రుడ్డు వాసన కొట్టెను. సముద్రపు వాసన యిట్లే యుండుననుకొని, రాతిని తొట్టిలో పెట్టి, ఆనాడే రెండు క్లౌన్ చేపలను వదలితిమి. మూడవనాటి యుదయమునకు రెండును చచ్చి తేలినవి. మా చిన్నమ్మాయి రెండు దినములు మాతో మాటలాడలేదు. తప్పు అమ్మినవానిదా, మాదా యని చాలనాళ్లు తర్కించుకొంటిమి. చదివిన కొలదియు మాదే యెక్కువయని తేలినది.

రాయి సజీవమనగా రాయి బ్రదికియున్నదని కాదు. అది చచ్చిన పగడపు జీవుల సున్నపు గూడు. దాని సందులలో కాపురమున్న సూక్ష్మజీవులే దాని ప్రాణము. చేప విసర్జించు మలినమునుండి అమ్మోనియా పుట్టును. అది చేపకు విషము. ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును; అదియు విషమే. వేరొక జాతి ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. దానిని చేప చాలవరకు సహించును. రాతి లోపలి గాలి సోకని సందులలో నుండునవి ఆ నైట్రేటును సయితము వాయువుగా మార్చి పైకి విడుచును. బస్సు వేడిలో మా రాతిలోని ప్రాణులు చచ్చి క్రుళ్లినవి. శుద్ధి చేయవలసిన రాయియే విషమును పుట్టించెను.

ఈ పద్ధతి పడమటి దేశములలోనే పుట్టినదని తలంపవలదు. జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్ అను నతడు సముద్రపు రాళ్లతోను, కొద్దిపాటి గాలిబుడగలతోను చేపలను, పగడములను పెంచుచుండెను. 1961లో ఆ సంగతి ఒక అమెరికా పత్రికలో వ్రాసెను. అయితే అతని యింటికి సముద్రము దగ్గర. మన వంటిది లండనులోని అన్నా థిన్ అను నామె కథ. 1846లో ఆమె దూరపు సముద్రతీరమునుండి పగడములను తెచ్చి, నీటికి గాలి సోకుటకై ప్రతిదినము కిటికీ యెదుట పనిమనిషిచేత ఆ నీటిని పాత్రనుండి పాత్రకు పోయించెడిది. మన యూరిలో కరెంటు పోయి పంపు నిలిచినపుడు మేము చేయుచున్నదియు నదే: చెంబుతో ముంచి పైనుండి పోయుట.

రెండవ పర్యాయము పగడపు రాతిని కొనలేదు. దీనికొక కారణము కలదు. దిబ్బలు కట్టు రాతి పగడములను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చిరి. మన సముద్రములనుండి వానిని పెరికి తెచ్చుట నేరము. సున్నమునకై పగడపు రాతిని త్రవ్వుటచే మన్నారు సింధుశాఖలో రెండు దీవులే నీట మునిగినవి. వ్యాపారులము కనుక చెప్పుచున్నాము: ఎక్కడనుండి వచ్చినదో అమ్మినవాడు చెప్పలేని సరకు కొనరాదు. చేపలును అంతే. క్లౌన్ చేపలను తొట్టెలలోనే పిల్లలు చేయించు విధానమును మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు సాధించిరి; అట్టి తొట్టి పిల్లలనే కొనవలెను.

కావున పన్నెండు కిలోల పొడి సున్నపురాతిని, బొరియలు గలదానిని ఏరి, కడిగి పెట్టితిమి. బెంగుళూరులో ఒక మిత్రుని పాత తొట్టినుండి పిడికెడు రాతిముక్కను ఉప్పునీటి డబ్బాలో తెచ్చి, పాలలో తోడు వేసినట్లు వేసితిమి. సూక్ష్మజీవులకు మేతగా ఒక చిన్న రొయ్యముక్క. చేపలు లేవు. ప్రతిదినము రంగుచుక్కలతో నీటిని పరీక్షించి అంగడి చిట్టాలోనే వ్రాసితిమి. తొమ్మిదవనాడు అమ్మోనియా బాగుగా హెచ్చెను. ఇరువదవనాటికి అది తగ్గి నైట్రైటు హెచ్చెను. ముప్పది యెనిమిదవనాడు రెండును సున్న. అటుపిమ్మట ఒక్క చేపను వదలితిమి. అది నేటికిని కలదు.

ఉప్పును గూర్చి తల్లులు అడిగిరి. వంట ఉప్పు పనికిరాదు. ఉప్పుమళ్లలో ఉప్పు గడ్డకట్టినపుడు మెగ్నీషియము మొదలగునవి చేదునీటిలోనే మిగిలిపోవును. చేపకు అవియును కావలెను. తొట్టికై అమ్ము మిశ్రమమును లీటరుకు సుమారు 35 గ్రాములు కలిపి, పాలకు లాక్టోమీటరు పెట్టినట్లు సాంద్రతమాపకముతో 1.025 చూచుకొనవలెను.

ఇక నీళ్లు. మన బోరునీటిలో ఫ్లోరైడును కాఠిన్యమును హెచ్చు, శుద్ధజలమే కావలెను. మొదట నూరు లీటర్లు. దినమునకు ఒక లీటరు ఆవిరియగును. వేసవిలో నీటిపై ఫ్యాను పెట్టినచో రెండు. ఉప్పు ఆవిరి కాదు గనుక దానికి బదులు మంచినీరే పోయవలెను. ఉప్పునీరు పోసి చెడినవారు పెక్కుమంది. పక్షమునకు పది లీటర్లు మార్చవలెను. అన్నియు కలిపి నెలకు ఏబది, వేసవిలో ఎనుబది లీటర్లు: ఇరువది లీటర్ల క్యానులు రెండున్నర మొదలు నాలుగు. శుద్ధియంత్రము విడిచిపెట్టు నీరు వేరే. నాలుగు క్యానులు ఒక యింటికి చిన్న సంగతి కాదు. పెద్దాయన మాట తప్పని మేమనము.

అందుచేత మా ప్రతిపాదనను మార్చుకొంటిమి. తొట్టిని ఇప్పుడు పెట్టము. భాద్రపద ఆశ్వయుజములలో వాన పడినపుడు, మొదటి వానను వదలి, ఈ మందిరపు మిద్దెనీటిని పరీక్షించి రెండు పీపాలలో నిలువచేయుదుము. పీపాలు నిండినచో తొట్టి. నిండనిచో ఈ యేడు లేదు. తీసివేసిన ఉప్పునీటిని కాలువలో గాని చెట్టు మొదట గాని పోయరాదు, నేల చవుడెక్కును. మిద్దెపై పళ్లెములలో ఎండబెట్టుదుము. ఖర్చు మాది. వేసవిలో క్యానులు కొనవలసివచ్చునా యనునది మాత్రము మిగిలియున్నది. దానిపై సభ్యులు తమ యభిప్రాయమును వచ్చు ఆదివారములోగా కార్యదర్శిగారి పుస్తకములో వ్రాయవలెను. పెద్దాయన మొదట వ్రాయుదురుగాక.