క్రెడిట్లు మిగిలాయి, స్కాలర్‌షిప్ అయిపోయింది

 

మన ఆట, పాట, దండారి గురించి ఇందాక చాలామంది చక్కగా చెప్పారు. మేము హాస్టల్ వార్డెన్లం. మాకు తెలిసింది అన్నం గంట, హాజరు పట్టీ, పిల్లల మార్కుల మెమోలు. ఆ మెమోల గురించే నాలుగు మాటలు చెబుతాం.

ఇప్పుడు డిగ్రీ అంటే క్రెడిట్ల లెక్క. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం 1 క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో 15 గంటల పాఠం, 3 ఏళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు. మధ్యలో ఆగినా మళ్లీ వచ్చి మొత్తం 7 ఏళ్లలోపు పూర్తి చేసుకోవచ్చని అందులో ఉంది. వినడానికి బాగానే ఉంది. కానీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అలా నడవదు. అది ఏడాది లెక్క. పై తరగతికి వెళ్తేనే రెన్యువల్. 7 ఏళ్ల వెసులుబాటు డిగ్రీకి ఉంది, మెస్ బిల్లుకు లేదు.

మన డిగ్రీ కాలేజీల్లో మొదటి ఏడాది క్రెడిట్లలో సగమైనా తెచ్చుకోకపోతే రెండో ఏడాదికి పంపరు. అలా ఆగిన పిల్లకు ఆ ఏడాది స్కాలర్‌షిప్ రాదు. ఇంకో రకం మాకు మరీ బాధ. 3 ఏళ్లూ హాస్టల్లో ఉండి, అన్ని పేపర్లూ పాసై, ఒక్క స్టాటిస్టిక్స్ మిగిలిపోతుంది. కోర్సు గడువు అయిపోయింది కాబట్టి హాస్టల్ సీటు పోతుంది, బస్ పాస్ పోతుంది. ఆ 4 క్రెడిట్ల పాఠం మళ్లీ ఎవరూ చెప్పరు. పరీక్ష ఫీజు కట్టి, ఊరి నుంచి వచ్చి రాయాలి. ఫీజు కంటే రెండు రోజులు ఎక్కడ పడుకోవాలన్నదే ఆడపిల్లకు పెద్ద ప్రశ్న. అట్లా రాయకుండానే పెళ్లయి వెళ్లినవాళ్లు మాకు తెలుసు. డిగ్రీ చదివిందంటారు, సర్టిఫికెట్ మాత్రం ఉండదు. ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టబోతే ఇంటర్ అనే రాసుకోవాలి.

ఈ పిల్లలు తెలివి తక్కువవాళ్లు కారు. ఇంట్లో గోండి, బడిలో తెలుగు, డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లిష్. మొదటి సెమిస్టర్ అంతా మాటలు అర్థం చేసుకోవడానికే సరిపోతుంది. స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు కావాలి. 90 రోజుల సెమిస్టర్‌లో 22 రోజులు మానితే అక్కడికే సరి. దీపావళికి దండారి అంటారు, వెంటనే పత్తి ఏరడం మొదలవుతుంది, అదే సమయానికి సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడతాయి. హాజరు నిబంధన తప్పని మేము అనం, అది ఉంటేనే పిల్లలు క్లాసుకు పోతారు. అన్నలారా, దండారికి పిల్లను తీసుకుపోండి, మేమే బస్సెక్కిస్తాం. పత్తికి మాత్రం పిలవకండి. కూలి మనిషి ఖర్చు ఆ ఏడాది స్కాలర్‌షిప్ కంటే ఎక్కువేం కాదు.

కేంద్రం నిబంధనల్లో కొన్ని వృత్తి కోర్సులకు మొదటిసారి ఫెయిలైతే రెన్యువల్‌కు వీలుంది. మామూలు బీఏ, బీఎస్సీ పిల్లలకూ ఆ ఒక్క అవకాశం ఇవ్వాలని, మిగిలిన క్రెడిట్లు పూర్తయ్యేదాకా ఇంకో ఏడాది హాస్టల్ సీటు ఉంచాలని సంఘం తరఫున ఐటీడీఏకు రాయండి. మేము రాస్తే అది ఫైలులో ఒక కాగితం. మీరు పదిమంది వెళ్లి ఇస్తే పీఓ గారు కూర్చోబెట్టి అడుగుతారు.

అది వచ్చేలోపు సంఘం చేయగలిగింది ఒకటుంది. పరీక్షలప్పుడు ఊళ్ల నుంచి వచ్చే బ్యాక్‌లాగ్ పిల్లలకు ఈ భవనంలో రెండు గదులు ఇవ్వండి. వంట మనిషిని మేము మాట్లాడతాం. లెక్కలు, స్టాటిస్టిక్స్ చదివిన మన పిల్లలు ఎవరైనా వారం రోజులు గోండిలో చెప్తే ఇంకా మంచిది. ఏ ఊళ్లో ఎవరికి ఏ పేపరు మిగిలిందో మేము రాసి తెచ్చాం. ఈ కాగితం అధ్యక్షుల వారికి ఇస్తున్నాం. మీ ఊరి పేరు ఉందేమో భోజనాల దగ్గర ఒకసారి చూడండి.