స్టేజీ దిగాక కూడా మన భాషే



ఆగస్టు 9 వచ్చిందంటే రాజమండ్రిలోనైనా, రంపచోడవరంలోనైనా, చింతూరులోనైనా మన యువకులు కొమ్ములు కట్టుకుని, డోలు భుజాన వేసుకుని స్టేజీ ఎక్కుతారు. కొమ్ము కోయ నృత్యానికి అందరూ చప్పట్లు కొడతారు. సంతోషమే. కానీ స్టేజీ దిగాక వాళ్లలో ఎంతమంది కోయలో మాట్లాడుకుంటున్నారు?

హాస్టళ్లలో పనిచేసే మేము రోజూ చూస్తున్నాం. చేరిన రోజు కోయ తప్ప మరో మాట రాని పిల్ల, పదో తరగతికొచ్చేసరికి అమ్మతో ఫోనులో కూడా తెలుగే మాట్లాడుతుంది. చదువుకు తెలుగు కావాలి, ఇంగ్లీషూ కావాలి. అందుకు కోయ వదిలేయాల్సిన పని లేదు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణే చెబుతోంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో కోయ, సవర, కువి సహా ఎనిమిది భాషల్లో పిల్లలకు చదువు మొదలుపెట్టారు.

'లిపి లేదు, అదేం భాష?' అని ఎవరైనా నవ్వితే తల దించుకోకండి. హిందీ, మరాఠీ ఒకే లిపిలో రాస్తారు. మన కోయను తెలుగు లిపిలో రాసుకుంటే తప్పేముంది? తెలుగులో ఏరు అంటే వాగు, కోయలో ఏరు అంటే నీళ్లు. రెండూ ద్రావిడ భాషలే, అక్కచెల్లెళ్లే. 2011 జనాభా లెక్కల్లో నాలుగు లక్షల మందికి పైగా కోయను మాతృభాషగా రాయించారు. అంటే మన చేతిలో ఇంకా సమయం ఉంది.

ఒక్క విజ్జ పండుం చూడండి. విత్తనం నేలలో పడకముందే వేల్పుకు చూపించాలి. మగవాళ్లు వేటకు వెళ్లాలి, ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలబడి పాడాలి. ఆ పాటలు, మొక్కులు, విత్తనాల పేర్లు అన్నీ భాషలోనే ఉన్నాయి. భాష పోతే మిగిలేది డోలు చప్పుడే.

పోలవరం ముంపు ఊళ్లు వదిలి కాలనీలకు చేరిన కుటుంబాలకు ఈ బాధ ఇంకా దగ్గరగా తెలుసు. ఇల్లు మళ్లీ కట్టుకోవచ్చు. వదిలొచ్చిన గుట్టల పేర్లు, వాగుల పేర్లు తెలిసిన తాత పోతే ఏ పరిహారంలోనూ అవి తిరిగి రావు.

అందుకే మూడు పనులు చేద్దాం. ఇంటికి ఫోను చేస్తే కోయలోనే పలకరిద్దాం. సెలవులకు వెళ్లినప్పుడు అవ్వ చెప్పే కథ, పాట సెల్‌ఫోనులో రికార్డు చేద్దాం. చెట్లు, చేపలు, మందు మొక్కల పేర్లు ఒక నోటుపుస్తకంలో రాసి పెడదాం. కొండరెడ్ల పిల్లలూ మీ ఇళ్లలోని మాటలు ఇలాగే రాసుకోండి.

రేపు మీ బిడ్డ నీళ్లడిగితే 'ఏరు' అని అడగాలి. అది మీ చేతిలోనే ఉంది.

జోహార్! జై ఆదివాసీ!