పంటు ఆగిపోయిన రోజు: గ్రాఫ్ డేటాబేస్‌లో "వరకు" అని ఎలా అడగాలి?

ఈ ఎపిసోడ్‌లో నేను చేసిన ఒక తప్పు చెప్తాను. దాంట్లోనే టెంపోరల్ లాజిక్ మొత్తం ఉంది.

మా తాతయ్యది సఖినేటిపల్లి. డయాలసిస్‌కి పాలకొల్లు వెళ్ళాలి. రెండు దారులు. ఒకటి, రేవులో పంటు ఎక్కి వశిష్ఠ దాటి, నరసాపురం మీదుగా. రెండోది మలికిపురం, దిండి, చించినాడ వంతెన మీదుగా. 2022 జూలై వరదలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక, అంటే 17.75 అడుగులు, దాటేసింది. పంటు ఆపేశారు. నేను హైదరాబాద్‌లో కూర్చుని, సరదాగా కట్టుకున్న గ్రాఫ్‌ని అడిగాను. ఊళ్ళు నోడ్లు, దారి ముక్కలు ఎడ్జ్‌లు, ప్రతి ఎడ్జ్‌కీ "తెరిచి ఉందా" అని ఒక ప్రాపర్టీ.

ముందు సైఫర్‌లో "ఎనీ" వాడాను. పంటు దారే ఇచ్చింది! ఎందుకంటే నరసాపురం–పాలకొల్లు రోడ్డు తెరిచే ఉంది. ఒక్క ముక్క తెరిచి ఉంటే "ఎనీ"కి చాలు. సరే అని "ఆల్" పెట్టాను. అసలు దారే లేదంది. చించినాడ దాటాక మెయిన్ రోడ్డు మీద చెట్టు పడింది, అందుకని వంతెన దారి కూడా కొట్టేసింది.

కానీ అవతల ఒడ్డున మా బావ బండితో రెడీగా ఉన్నాడు. ఊళ్ళ లోపలి నుంచి తీసుకెళ్ళిపోతాడు. నాకు కావాల్సింది ఒక్కటే: వంతెన దాటే వరకు ప్రతి ముక్కా తెరిచి ఉండాలి. తర్వాత ఏమైనా పర్లేదు.

ఈ "వరకు"నే టెంపోరల్ లాజిక్‌లో "అన్‌టిల్" అంటారు. ఇక్కడ టైమ్ అంటే గడియారం కాదండి, ఏది ముందు, ఏది తర్వాత అనే వరస. ప్రోగ్రాముల గురించి ఇలా మాట్లాడొచ్చని 1977లో అమీర్ ప్నూలీ పేపర్ రాశారు, 1996లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. "ఎప్పుడూ" అంటే మన "ఆల్". "ఎప్పటికైనా" అంటే "ఎనీ". ఈ రెండిటికీ వరస గుర్తుండదు. "వరకు"కి వరసే ప్రాణం.

సైఫర్‌లో "అన్‌టిల్" అనే కీవర్డ్ లేదు. మనమే కట్టుకోవాలి. పాత్‌లోని ఎడ్జ్‌ల లిస్టు తీసుకోండి. సున్నా నుంచి చివరిదాకా నంబర్లకి "రేంజ్" వాడండి. బయట "ఎనీ": ఏదో ఒక నంబరు దగ్గర ఎడ్జ్ వంతెన అయ్యుండాలి. దాని లోపల "ఆల్": సున్నా నుంచి ఆ నంబరు దాకా, వంతెనతో సహా, అన్నీ తెరిచి ఉండాలి. అంతే, ఎనీ లోపల ఆల్. తిరగేసి రాస్తే అర్థమే మారిపోతుంది.

ఇంకో మెలిక. వంతెనే లేని దారిలో అన్నీ తెరిచి ఉన్నా ఈ క్వెరీ ఒప్పుకోదు. దీన్ని స్ట్రాంగ్ అన్‌టిల్ అంటారు. అదీ పర్లేదు అనుకుంటే, "లేదా అన్నీ తెరిచి ఉన్నా సరే" అని "ఆర్"తో కలపండి, వీక్ అన్‌టిల్ అవుతుంది.

ఆ రోజు నా క్వెరీ "దారి లేదు" అంటుంటే, అమ్మమ్మ ఫోన్‌లో "వంతెన దాకా వెళ్తే చాలు కదరా, అవతల బావున్నాడుగా" అంది. తాతయ్య టైముకే చేరాడు. అమ్మమ్మ చెప్పిన ఆ ఒక్క మాటని క్వెరీగా రాయడానికి నాకు ఇంకో రెండు రోజులు పట్టింది.

మీ ఊరి దారులతో ట్రై చేసి కామెంట్‌లో చెప్పండి. ఉంటానండి, ఆయ్!