పామాయిల్ గెల ధర ఎక్కడ తేలుతోంది?
(పామాయిల్ రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



అశ్వారావుపేట, దమ్మపేట, ములకలపల్లి మండలాల నుంచి వచ్చిన పామాయిల్ రైతులే ఈ తరగతిలో ఎక్కువమంది ఉన్నారు. అందుకని స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాల సంగతి ఢిల్లీ నుంచి కాకుండా మన తోటల నుంచే మొదలుపెడదాం.

వరి రైతు ధర లేకపోతే నాలుగు రోజులు ధాన్యం కుప్ప మీద పరదా కప్పుకుంటాడు. పత్తి ఇంట్లో పోసుకుంటాడు. మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాడు. మనకు ఆ వీలు లేదు. గెల కోసిన 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలి, లేకపోతే నూనె నాణ్యత చెడిపోతుంది. ఏ ఫ్యాక్టరీకి తోలాలో కూడా మన ఇష్టం కాదు. 1993 నాటి ఆయిల్ పామ్ చట్టం ప్రకారం మన మండలాలు ఏ ఫ్యాక్టరీ పరిధిలో ఉంటే అక్కడికే తోలాలి. ఇక చెట్టు పాతికేళ్లకు పైగా భూమిలో ఉంటుంది, ఈ ఏడు గిట్టలేదని వచ్చే ఏడు పంట మార్చలేం. ఇన్ని విధాల కాళ్లు కట్టేసుకున్న రైతు మరొకడు లేడు.

అలాంటి రైతుకు టన్నుకు ఎంత ఇవ్వాలన్నది క్రూడ్ పామాయిల్ ధరను, ఫ్యాక్టరీలో వచ్చే నూనె రికవరీ శాతాన్ని బట్టి లెక్క కడతారు. రికవరీ మీద మనం అప్పారావుపేట ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుని కొట్లాడగలం. కానీ క్రూడ్ ధర మలేషియా, ఇండోనేషియా మార్కెట్లలో తేలుతుంది. ఆ ధరకూ మనకూ మధ్య ఉన్న ఒకే ఒక్క గట్టు దిగుమతి సుంకం. ఆ గట్టు ఎత్తు ఎవరు నిర్ణయిస్తారన్నదే ఇవాళ్టి చర్చ.

2009 ఆగస్టు 13న బ్యాంకాక్‌లో భారత ప్రభుత్వం ఆసియాన్ దేశాలతో సరుకుల వాణిజ్య ఒప్పందం మీద సంతకం చేసింది. 2010 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. అప్పటివరకు ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనల ప్రకారం పామాయిల్ మీద 300 శాతం దాకా సుంకం వేసుకునే హక్కు మన దేశానికి ఉంది. ఆసియాన్ ఒప్పందం ఆ దేశాల నుంచి వచ్చే క్రూడ్ పామాయిల్‌కు మెట్టుమెట్టుగా దించుతూ చివరికి 37.5 శాతం దగ్గర పైకప్పు వేసింది. మనకు పామాయిల్ వచ్చేదే ప్రధానంగా ఆ దేశాల నుంచి. ఆ రోజుల్లో కేరళలో మిరియం, తేయాకు, కాఫీ రైతుల కోసం 2009 అక్టోబర్ 2న లక్షలమంది మానవహారం కట్టారు. మన దగ్గర అంత కదలిక రాలేదు. ఇక్కడ అప్పటికి తోటలూ తక్కువే.

దెబ్బ తర్వాత తెలిసింది. 2018 మార్చిలో కేంద్రం క్రూడ్ పామాయిల్ సుంకం 44 శాతానికి పెంచింది. ఏడాది తిరక్కుండానే, 2019 జనవరి 1న, 40 శాతానికి దించింది. 2020 జనవరి 1న 37.5కి దించింది. రైతు బాగుపడ్డాడని దించలేదు, ఒప్పందం ప్రకారం దించక తప్పలేదు. సార్వభౌమత్వం అంటే జెండా పండుగనాటి మాట అనుకుంటాం. మన పార్లమెంటు వేసుకున్న సుంకాన్ని మన పార్లమెంటు నిలబెట్టుకోలేకపోవడమే దాన్ని కోల్పోవడం.

అయితే నెపమంతా ఒప్పందం మీదే వేస్తే అది సగం నిజం. ఒప్పందం కట్టిన కట్టు 37.5 దగ్గర ఆగింది. అక్కడి నుంచి కిందికి తోసింది మన ప్రభుత్వమే. 2022 ఫిబ్రవరి నాటికి సెస్సు కలిపి 5.5 శాతం మిగిలింది, రెండున్నరేళ్లు అలాగే ఉంచారు. 2021 ఆగస్టులో 11,040 కోట్లతో ఆయిల్ పామ్ మిషన్ ప్రకటించి, రైతులారా తోటలు వేయండి అన్నదీ ఆ ప్రభుత్వమే. ఒక చేత్తో మొక్క ఇచ్చి ఇంకో చేత్తో గట్టు తెంచారు. 2022 మే నెల ముందువెనుకల్లో ఇండోనేషియా ఎగుమతులు ఆపడం లాంటి కారణాల వల్ల టన్ను గెలలు 20 వేలు దాటాయి, 2023కి 13 వేల చుట్టూ తిరిగాయి. 2024 సెప్టెంబర్‌లో సుంకం 27.5కి పెంచాక ధర మళ్లీ లేచింది. అందులో విదేశీ మార్కెట్ పెరుగుదల వాటా కూడా ఉంది, అది దాచడం ఎందుకు. 2025 మే 30న మళ్లీ 16.5కి దించారు. ఆ ఆగస్టులో పత్తి మీద ఉన్న 11 శాతం సుంకం పూర్తిగా ఎత్తేశారు, ముందు సెప్టెంబర్ దాకా అని, తర్వాత డిసెంబర్ దాకా అని. మన జిల్లా పత్తి రైతు తీతకు సంచులు సిద్ధం చేసుకునే వేళకు!

సుంకం పెంచితే నూనె ధర పెరిగి పేదవాడికి భారం కాదా అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. మన తోటలో గెలలు కోసే కూలీ కూడా ప్యాకెట్ నూనె కొనుక్కునేవాడే. కానీ పేదవాడి నూనెకు దారి రేషన్ షాపు. ఒకప్పుడు రేషన్‌లో పామాయిల్ ప్యాకెట్ ఇచ్చిన రోజులు మనకు గుర్తే. సుంకంగా వచ్చే డబ్బు అటు మళ్లించమని అడుగుదాం. కూలీకి చవక నూనె పేరు చెప్పి రైతును ముంచడం, రైతు పేరు చెప్పి కూలీని ముంచడం, రెండూ మనకొద్దు.

విదేశీ వాణిజ్యమే వద్దని కూడా మనం అనడం లేదు. ఖమ్మం తేజ మిర్చి చైనా కొంటేనే యార్డులో ధర పలుకుతుంది. మనం అడిగేది వేరు. రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో రాష్ట్ర జాబితా 14వ అంశం వ్యవసాయం. కేంద్ర జాబితా 14వ అంశం విదేశాలతో ఒప్పందాలు. అంకె ఒకటే, అధికారం మాత్రం ఒకవైపే. సాగు రాష్ట్రానిది, సంతకం కేంద్రానిది. సంతకానికి ముందు పార్లమెంటు ఆమోదం కూడా తప్పనిసరి కాదు. 2009లో యూపీఏ అలాగే చేసింది. ఆర్‌సెప్ చర్చల్లో ఎన్‌డీఏ ఏళ్ల తరబడి ముసాయిదా బయటపెట్టకుండా కూర్చుంది. పాడి రైతులు, రైతు సంఘాలు దేశమంతా రోడ్డెక్కితే 2019 నవంబర్ 4న బ్యాంకాక్‌లో మన దేశం అందులో చేరడం లేదని చెప్పింది. మిగిలిన 15 దేశాలు మరుసటి ఏడాది సంతకాలు చేసుకున్నాయి. అంటే ఆపితే ఆగుతుంది.

ఆసియాన్ ఒప్పందం సమీక్షకు 2023లో నిర్ణయం జరిగింది. కాబట్టి మన కోరికలు ఇప్పుడే చెప్పాలి: ముసాయిదాను తెలుగులో ప్రకటించాలి, శాసనసభలో చర్చ పెట్టాలి, పామాయిల్ పైకప్పు ఎత్తాలి, గెల ధర సాగు ఖర్చుకు దిగువకు జారితే సుంకం దానంతటదే పెరిగే ఏర్పాటు ఉండాలి. మన మండలాల్లో చాలా గ్రామాలు ఏజెన్సీలో ఉన్నాయి, అక్కడ పెసా గ్రామసభలున్నాయి. గిరిజన రైతుల తోటలూ పెరుగుతున్నాయి. ప్రతి గ్రామ కమిటీ ఈ నాలుగు కోరికలతో తీర్మానం చేయించి, సర్పంచ్ సంతకంతో ఒక ప్రతి కలెక్టర్‌కు, ఒక ప్రతి మన ఎంపీకి పంపాలి. మూడో ప్రతి సంఘం ఆఫీసులో ఇవ్వండి.