చావడి రేడియో నుండి చేతి ఫోను వరకు

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)

  

మీరు పొలము పనులు మానుకొని, బస్సులెక్కి, ఇంత దూరము వచ్చి కూర్చున్నారు. పెద్ద మాటలు చెప్పి మీ కాలము వృథా చేయుట నాకు ఇష్టము లేదు. శాస్త్ర విజ్ఞానము ఎంత అభివృద్ధి చెందినదో నేను వర్ణింప నక్కరలేదు. అది మీ జేబులోనే ఉన్నది. నేను మనవి చేయదలచినది ఒక్కటే సంగతి. క్రొత్త యంత్రము ఇంటికి వచ్చుట వేరు, ఊరికి వచ్చుట వేరు. ఇంటికి తెచ్చుకొనుట ఎవరి శక్తి వారిది. ఊరందరికిని దాని ఫలము దక్కునట్లు చేయుట పంచాయతీ పని.

మీలో తల నెరసినవారికి పంచాయతీ రేడియో జ్ఞాపకముండును. ఊరికంతటికిని ఒక్కటే పెట్టె. సాయంకాలము వ్యవసాయదారుల కార్యక్రమము వచ్చు వేళకు అందరును చావడి ముందు చేరెడివారు. 1956లో యునెస్కో సహాయముతో పూనా ప్రాంతమున సుమారు 150 గ్రామములలో రేడియో గోష్ఠులను ఏర్పాటు చేసిరి. వారమునకు రెండు మారులు అరగంట కార్యక్రమము వినవలెను. విన్న పిదప అక్కడనే కూర్చుండి చర్చింపవలెను. తమ ఊరికి పనికివచ్చిన దానిని ఆచరింపవలెను. 1959 నుండి ఆ పద్ధతి దేశములోని ఇతర ప్రాంతములకును వ్యాపించినది.

తరువాత 1975 ఆగస్టు నుండి ఒక సంవత్సర కాలము, ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములను ప్రసారము చేసిరి. అందు మన ఆంధ్రప్రదేశ్ ఒకటి; తెలుగులోను కార్యక్రమములు వచ్చినవి. ఉదయము బడిపిల్లలకు పాఠములు, సాయంకాలము పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము. అప్పుడును పెట్టె ఊరుమ్మడిదే.

1995 జులై 31వ తేదీన మన దేశములో మొదటి సెల్‌ఫోను సంభాషణ కలకత్తా, ఢిల్లీ నగరముల మధ్య జరిగినది. నేడు ఆ పరికరము మేకల కాపరి చేతిలోను ఉన్నది. సంతోషింపదగిన విషయమే. కాని ఒక్క సంగతి గమనింపుడు. మున్ను రేడియో ఒకటే కనుక మనుష్యులు దాని చుట్టును చేరిరి. అర్థము కానివానికి ప్రక్కవాడు చెప్పెడివాడు. నేడు ఎవరి ఫోను వారిది. చూచువాడు ఒంటరిగా చూచుచున్నాడు. మోసపోవువాడు ఒంటరిగా మోసపోవుచున్నాడు. ఫోను లేనివాడు అసలే మన కంట పడుట లేదు.

ముందుగా పని సంగతి చూతము. నేటి రైతు మిరప బస్తాలను బండి కెక్కింపక మునుపే గుంటూరు యార్డు ధర తెలిసికొనుచున్నాడు. రేపు వర్షము కలదో లేదో చూచుకొని మందు చల్లుచున్నాడు. 2016లో యు.పి.ఐ. పద్ధతి వచ్చిన పిదప కూరగాయలమ్ము అమ్మ సైతము ఫోను ద్వారా డబ్బు పుచ్చుకొనుచున్నది. వరికోత యంత్రము దినముల పనిని గంటలలో ముగించుచున్నది. కోతల వేళకు తుఫాను భయమున్న జిల్లాలలో అది రైతును ఎంతయో ఆదుకొన్నది. కాని ఆ కోతపని కూలిమీద ఆధారపడిన స్త్రీల మాట ఏమి? చేను చుట్టును గడ్డి చెదరిపోవుటచే పశువుల మేతకు కలిగిన కొరత మాట ఏమి? యంత్రమును వలదని నేననుట లేదు. లాభము ఒక ఇంటను, నష్టము వేరొక ఇంటను పడినప్పుడు ఆ రెండిళ్లును మీ వార్డులోనివే అని మాత్రము మనవి చేయుచున్నాను.

ఇక బడి. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణముగా బడులు మూతపడినవి. ఉభయ తెలుగు రాష్ట్రములలోను దూరదర్శన్ ద్వారా పాఠములు ప్రసారమైనవి. ఫోనులలోను పాఠములు వచ్చినవి. అది మంచి ప్రయత్నము. అయినను ఇంట ఒకే ఫోను ఉండి, దానిని తండ్రి పనికి తీసికొనిపోయినచో పిల్లవాడు ఏమి చదువును? ఇద్దరు పిల్లలున్న ఇంట ఫోను ఎవరికిచ్చిరి? అనేక గృహములలో మగపిల్లవాని చేతికే ఇచ్చిరి. అప్పుడు కొన్ని ఊళ్లలో ఉపాధ్యాయులు చెట్ల క్రింద, అరుగులమీద పిల్లలను చేర్చి పాఠములు చెప్పిరి. ఆ చదువు నిలిచినది. మంచి పరికరమునకు మంచి గురువు తోడు కావలెను.

ఇంటి మాటకు వత్తము. గల్ఫు దేశములకు పోయిన కొడుకు జాబు కొరకు మున్ను తల్లి వారముల తరబడి ఎదురుచూచెడిది. నేడు ప్రతి రాత్రియు వాని ముఖము చూచి మాటలాడుచున్నది. ఇంతకంటె ఉపకార మేమున్నది? అదే ఫోనులోనికి బ్యాంకు వారి పేరు చెప్పి ఎవడో మాటలాడి, ఓ.టి.పి. అంకెలు చెప్పించుకొని, ఆ కొడుకు పంపిన కష్టార్జితమును క్షణములో కాజేయుచున్నాడు.

నేను స్వయముగా చూచిన ఒక సంగతి చెప్పెదను. ఒక గ్రామములో ఒక ముసలమ్మకు రెండు నెలలుగా బియ్యము అందలేదు. యంత్రముమీద వ్రేలు పెట్టినచో ముద్ర కలియుట లేదు. మట్టిపనిలో చేతిగీతలు అరిగిపోయినవి. ఆమె నాతో నిట్లు చెప్పినది: "ఈ చేతులతోనే నలభై ఏండ్లు నాట్లేసినాను బాబూ. ఇప్పుడీ చేతులు నావి కావంటున్నది ఈ మిషను."

మున్ను చదువు రానివానిని వేలిముద్రగాడని నవ్వెడివారు. నేడు చదివినవాడును వేలిముద్ర వేయుచున్నాడు. జీవితమంతయు శ్రమించిన ఆమె ముద్ర మాత్రము చెల్లలేదు! ఆ వార్డు సభ్యురాలు ఆమెను వెంటబెట్టుకొని ఆధార్ కేంద్రమునకు పోయినది. అక్కడ వ్రేళ్ల ముద్రలను, కనుపాపల గుర్తును మరల తీయించినది. మరుసటి నెల కనుపాప గుర్తుతో బియ్యము వచ్చినది.  ఆ సభ్యురాలు చదివినది ఏడవ తరగతి.

మిత్రులారా! ఇది మీకు చేతగాని పని కాదు. నాలుగు పనులు చేయుడని మిమ్ము కోరుచున్నాను.

మొదటిది: మీ వార్డులో ఫోను లేని ఇండ్లు, వ్రేలిముద్ర కలియని వృద్ధులు, వచ్చిన సందేశమును చదువలేనివారు ఎందరో ఒక చిట్టా వ్రాసికొనుడు. ఆ చిట్టా మీ వద్ద లేనిచో వారి కష్టము ఏ కాగితములోను కనుపడదు.

రెండవది: వారమునకు ఒక సాయంకాలము పంచాయతీ కార్యాలయమున గాని, బడిలో గాని అందరును చేరుడు. చదువుకొన్న యువకుడో యువతియో వాతావరణము, ధరలు, ప్రభుత్వ ప్రకటనలు ఫోనులో చూచి పైకి చదువవలెను. చదివిన పిదప చర్చింపుడు. స్త్రీలకు వీలగు వేళను వారినే అడిగి నిర్ణయింపుడు.

మూడవది: దండోరా వేయింపుడు. ఓ.టి.పి. అంకెలను ఏ బ్యాంకు అధికారియు ఫోనులో అడుగడు. డబ్బు పోయినచో సిగ్గుపడి దాచుకొనక వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలది ఆ డబ్బు చేతులు మారిపోవును.

నాల్గవది మీకు సంబంధించినది. 2020 ఏప్రిల్ 24న కేంద్ర ప్రభుత్వము ఈ-గ్రామ స్వరాజ్ అను పద్ధతిని ప్రారంభించినది. పంచాయతీ పనుల ప్రణాళికలను, ఖర్చు వివరములను దానిద్వారా పౌరులు చూడవచ్చును. ఊరివారు చూచి అడుగుటకు ముందే మీరు గ్రామసభలో వానిని చదివి వినిపింపుడు. దాచనివానికి దడుపు లేదు.

1959 అక్టోబరు 11న షాద్‌నగరులో నెహ్రూ పండితుడు మన రాష్ట్రమున పంచాయతీ రాజ్యమును ప్రారంభించిన నాటికి ఈ పరికరము లేవియు లేవు. ఊరివారు కూర్చుండి తమ మంచిచెడ్డలను తామే నిర్ణయించుకొనవలెనను తలంపు మాత్రమున్నది. పరికరములు మారినవి, ఆ తలంపు మారనక్కరలేదు. ఈ సాయంకాలము మీ ఊరు చేరగానే, ఇన్నాళ్లుగా ఎవ్వరును పలుకరింపని ఒక్క ఇంటికి పోయి, "మీకు రావలసినది వచ్చుచున్నదా?" అని అడుగుడు. నా ప్రసంగమునకు అదియే ఫలము.

జై హింద్!